ఆర్‌సీఏనా, పీ38నా, కానన్‌నా: గుయ్‌మనకుండా పాట వినాలంటే ఏ కేబుల్ కొనాలి

మా మేనమామ దగ్గర ఒక అట్టపెట్టె నిండా కేసెట్లున్నాయి. సగం ఊళ్ళో జరిగిన హరికథలు, సగం పెళ్ళి సన్నాయిలు. వీటిని లాప్‌టాప్‌లోకి ఎక్కించి పెట్టరా అని ఆయన నా నెత్తిన పెట్టిన రోజు మొదలైంది ఈ కేబుల్ గోల. కేసెట్ డెక్ నుంచి పాత యాంప్లిఫయర్‌కి, దాని టేప్ అవుట్ నుంచి చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్‌కి (పాటని కంప్యూటర్ అంకెల్లోకి మార్చే పెట్టె), అక్కణ్ణుంచి లాప్‌టాప్‌కి వైర్లు పెట్టి ప్లే నొక్కితే హరికథ కంటే ముందు గుయ్ మని తుమ్మెద రాగం. షాపుకెళ్తే "ఇది నాసిరకం వైరు సార్, బంగారు పిన్నుది తీస్కోండి" అన్నాడు, తీస్కున్నా, అదే గుయ్. ఇంకా ఖరీదైంది చూపించాడు, అదీ కొన్నా, మళ్ళీ అదే గుయ్. విసుగొచ్చి లాప్‌టాప్ చార్జర్ పీకేసి లేద్దామనుకుంటే, పీకగానే గదంతా నిశ్శబ్దం!

అంటే రెండు కేబుళ్ళ డబ్బులు బూడిదలో పోసినట్టే అన్నమాట. తప్పు వైరుది కాదు, ఎర్త్‌ది. అప్పట్నుంచి ఎవరైనా "ఏ కేబుల్ మంచిది" అని అడిగితే నేను బ్రాండ్ చెప్పను, ముందు నాలుగు ప్రశ్నలు అడుగుతా.

కొనేముందు చూడాల్సినవి

మొదటిది, ఏ సిగ్నల్ వెళ్తోంది. మైక్ నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. ఎల్పీ రికార్డుల ప్లేయర్‌లో మామూలు మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చేదీ మూడు నుంచి అయిదు మిల్లీవోల్టులు. డెక్, డీవీడీ ప్లేయర్ లాంటి ఇంటి సామాను లైన్ లెవెల్ 0.316 వోల్ట్, దీన్నే మైనస్ 10 డీబీవీ అంటారు. స్టూడియో, స్టేజి సామానుకి ప్లస్ 4 డీబీయూ, అంటే 1.23 వోల్ట్. ఈ రెండింటికీ మధ్య తేడా సుమారు 12 డీబీ (డెసిబెల్). సిగ్నల్ ఎంత చిన్నదైతే దాని పక్కన హమ్ (ఆ గుయ్ మనే చప్పుడు) అంత పెద్దగా కనిపిస్తుంది, అదే మిల్లీవోల్ట్ చప్పుడు లైన్ లెవెల్‌కి దోమ, మైక్ లెవెల్‌కి ఏనుగు.

రెండోది దూరం. టేబుల్ మీద మీటరా, హాల్‌కి అడ్డంగా పదిహేను మీటర్లా.

మూడోదే అసలైంది: మీరు కలపబోయే వస్తువుల్లో మూడు పిన్నుల ప్లగ్ ఉన్నవి ఎన్ని, అవన్నీ ఒకే స్విచ్‌బోర్డులో ఉన్నాయా, గదికొకటి ఉన్నాయా.

నాలుగోది చుట్టూ ఏముంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళలో కరెంట్ పోగానే స్పీకర్ జర్రుమనడం మీకు తెలిసే ఉంటుంది. గుండ్రంగా తిప్పే పాత ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్‌దీ అదే గోల, టకటకమని స్టెప్పులుండే కెపాసిటర్ రెగ్యులేటర్‌కి అది ఉండదు. ఫోన్ పక్కన పెడితే వచ్చే టిట్టిడి టిట్టిడి చప్పుడు 2జీ సిగ్నల్ సెకనుకి 217 సార్లు ఆగి ఆగి పోవడం వల్ల, దానికి కొత్త కేబుల్ అక్కర్లేదు, ఫోన్ తీసి దూరంగా పెడితే చాలు.

బ్రాండ్, బంగారు పూత ఇవన్నీ ఆ తర్వాత.

బ్యాలెన్స్‌డ్, అన్‌బ్యాలెన్స్‌డ్ అంటే ఏంటి

ఇది ఒక్కటి అర్థమైతే మిగతాదంతా తేలిక. అన్‌బ్యాలెన్స్‌డ్ కేబుల్లో రెండే దారులు, మధ్యలో పాట వెళ్ళే తీగ, చుట్టూ జాలీలాంటి షీల్డ్. ఆ షీల్డ్ రెండు పనులు చేస్తుంది, బయటి గోల ఆపడమూ, పాటకి తిరుగు దారి అవ్వడమూ. చిక్కంతా అక్కడే. రెండు వస్తువుల ఎర్తుల మధ్య కాస్త వోల్టేజి తేడా ఉంటే ఆ కరెంట్ ఈ షీల్డ్ గుండానే పారుతుంది. షీల్డ్ రెసిస్టెన్స్ 0.1 ఓమ్, పారే కరెంట్ 5 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే అక్కడ పుట్టేది అర మిల్లీవోల్ట్ హమ్, అది నేరుగా పాటలో కలిసిపోతుంది. 316 మిల్లీవోల్టుల పాటకి అది 56 డీబీ మాత్రమే కింద, అంటే పాట నడుస్తుంటే తెలియదు, చరణానికీ చరణానికీ మధ్య ఖాళీలో మాత్రం గుయ్ మని పలకరిస్తుంది.

బ్యాలెన్స్‌డ్‌లో మూడు దారులు. రెండు తీగల మీద అదే పాట ఒకటి సూటిగా, ఒకటి తిరగేసి వెళ్తుంది, షీల్డ్ వేరేగా ఉంటుంది. అవతలి వైపు ఈ రెండింటి మధ్య తేడా మాత్రమే తీసుకుంటారు. దారిలో పడ్డ హమ్ రెండు తీగల మీదా ఒకేలా పడుతుంది కాబట్టి తేడా తీస్తే సున్నా. త్రాసు రెండు పళ్ళేల్లోనూ సమానంగా దుమ్ము పడితే ముల్లు కదలదు కదా, అలాగే.

రెండు చివర్లూ బ్యాలెన్స్‌డ్ అయితేనే ఈ లాభం అని మాత్రం మర్చిపోకండి. ఆర్‌సీఏ అవుట్ ఉన్న డెక్‌కి అడాప్టర్ తగిలించి కానన్ (మైకులకుండే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్) కేబుల్ వేసినంత మాత్రాన అది బ్యాలెన్స్‌డ్ అవ్వదు.

| కనెక్షన్ | ఎక్కడ కనిపిస్తుంది | నా లెక్కలో హాయిగా ఉండే దూరం | హమ్ తట్టుకోవడం |
|---|---|---|---|
| ఈపీ పిన్ (3.5 మి.మీ.) | ఫోన్, లాప్‌టాప్ | 2 మీటర్లు | తక్కువ |
| ఆర్‌సీఏ | డెక్, యాంప్లిఫయర్, డీవీడీ | 2–3 మీటర్లు | తక్కువ |
| మోనో పీ38 (పావంగుళం పిన్ను) | కీబోర్డ్, గిటార్ | 5–6 మీటర్లు | తక్కువ |
| స్టీరియో పీ38, బ్యాలెన్స్‌డ్‌గా | మిక్సర్, ఇంటర్‌ఫేస్ | 30 మీటర్లు కూడా | బాగా ఎక్కువ |
| కానన్ (ఎక్స్‌ఎల్‌ఆర్) | మైక్, స్టేజి స్పీకర్ | 50 దాటినా పర్లేదు | బాగా ఎక్కువ |
| డీఐ బాక్స్, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ | అన్‌బ్యాలెన్స్‌డ్‌కీ బ్యాలెన్స్‌డ్‌కీ మధ్య | కానన్ వైపు ఎంతైనా | ఎర్తుల మధ్య దారినే తెంపేస్తుంది |

ఈపీ పిన్

ఫోన్ నుంచి, లాప్‌టాప్ నుంచి పాట తియ్యాలంటే ఇదే దారి. కాంటాక్ట్ లూజవడం దీని జబ్బు, రోజూ పీకి పెడుతుంటే ముందు పోయేది ఇదే. నేను అందరికంటే ఎక్కువగా చూసిన తప్పు కూడా దీంతోనే, అది కాస్త వివరంగా చెప్పాలి.

మా కాలనీలో శ్రీరామనవమికి ఒకబ్బాయి ఫోన్‌ని మిక్సర్‌కి కలపడానికి ఒక వైపు ఈపీ పిన్, ఇంకో వైపు స్టీరియో పీ38 ఉన్న కేబుల్ తెచ్చాడు. చూడ్డానికి చక్కగా సరిపోయింది, పిన్ను లోపలికి దిగింది, పాట పెట్టాడు. తబలా వస్తోంది, వయొలిన్లు వస్తున్నాయి, గాయకుడు మాత్రం లేడు! ఎక్కడో బావిలోంచి ప్రతిధ్వని మాత్రం వినపడుతోంది. ఫోన్ మార్చారు, పాట మార్చారు, చివరికి స్పీకర్ పాడైందన్నారు. జరిగిందేంటంటే ఫోన్ ఇచ్చేది ఎడమ, కుడి అని రెండు వేర్వేరు పాటలు, మిక్సర్ ఇన్‌పుట్ అనుకునేది బ్యాలెన్స్‌డ్ తాలూకు సూటి, తిరగేసిన తీగలు అని. కాబట్టి అది ఎడమలోంచి కుడిని తీసేసింది. గొంతు రెండిట్లోనూ సమానంగా ఉంటుంది, అందుకని గొంతే మాయం.

కాబట్టి ఫోన్‌కీ మిక్సర్‌కీ మధ్య కొనాల్సింది ఒక ఈపీ స్టీరియో పిన్ నుంచి రెండు మోనో పీ38లకి చీలే కేబుల్, రెండు చానళ్ళలో పెట్టాలి. ఒకే చానల్ ఖాళీగా ఉంటే ఎడమా కుడీ నేరుగా కలిపేసి టంకం పెట్టేస్తుంటారు కొందరు, అలా చేస్తే రెండు అవుట్‌పుట్లూ ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, ఒక్కోదానికీ 1 కిలో ఓమ్ రెసిస్టర్ వేసి కలపాలి.

ఆర్‌సీఏ

1940ల నాటికే అమెరికాలో రేడియో కార్పొరేషన్ వాళ్ళ సెట్లలో ఉన్న పిన్ను ఇది, ఇప్పటికీ పోలేదు. దీని డిజైన్‌లో ఒక తిక్క ఉంది, దూర్చేటప్పుడు షీల్డ్ కంటే ముందు మధ్య పిన్ను తగులుతుంది, అందుకే వాల్యూమ్ తగ్గించకుండా పెడితే భర్‌ర్‌మంటుంది. ఒకే టేబుల్ మీద రెండు వస్తువులు, మధ్యలో మీటరో మీటరున్నరో దూరం అయితే ఆర్‌సీఏకి వంక పెట్టక్కర్లేదు.

ఖరీదులో తేడా వినపడేది ఎక్కడైనా ఉందంటే అది షీల్డ్‌లోనే, ఇందాక లెక్క చూశాం కదా. నాసిరకం కేబుల్లో షీల్డ్ అంటే నాలుగు వెంట్రుకల్లాంటి తీగలు చుట్టి వదిలేస్తారు, మంచిదాంట్లో దట్టంగా అల్లిన రాగి జాలీ ఉంటుంది. దాని రెసిస్టెన్స్ తక్కువ కాబట్టి అదే లీకు కరెంట్‌కి తక్కువ హమ్. షాపులో ప్యాకెట్ మీద ఏం రాశారో కాదు, పిన్ను మూత మర తిప్పి లోపల చూడండి, మర లేకుండా ప్లాస్టిక్ అతికించేసి ఉంటే చూసే వీల్లేదు, బాగు చేసే వీలూ లేదు.

ఎల్పీ ప్లేయర్ ఉన్నవాళ్ళకి ఒక మాట. పిన్ను ఆర్‌సీఏనే అయినా అది లైన్ కాదు, ఫోనో. దానికి 47 కిలో ఓముల ఇన్‌పుట్, ఆర్‌ఐఏఏ సవరణ (రికార్డు చెక్కేటప్పుడు మార్చిన స్వరాన్ని తిరిగి సరిచెయ్యడం) ఉన్న ఫోనో స్టేజి కావాలి. కేబుల్ కెపాసిటెన్స్ (వైరు కాస్త చార్జి దాచుకునే గుణం) అక్కడ స్వరం మీదే పడుతుంది, పొడవైన కేబుల్ వేస్తే పైస్థాయి గరుకుగా మారుతుంది. మీటరు దాటొద్దు. పక్కన వేలాడే సన్నటి ఎర్త్ తీగని యాంప్లిఫయర్ వెనక జీఎన్‌డీ మరకి బిగించండి, చాలామంది దాన్ని తెగిపోయిన వైరు అనుకుని టేప్ చుట్టేస్తారు.

మోనో పీ38

టెలిఫోన్ ఎక్స్‌చేంజి బల్లల కాలం నుంచి వస్తున్న పావంగుళం పిన్ను. కీబోర్డ్, గిటార్ వాళ్ళకి తప్పదు. ఇక్కడ ఒక లెక్క చూడండి. మామూలు షీల్డ్ వైరు మీటరుకి సుమారు 100 పికోఫారడ్ కెపాసిటెన్స్, అంటే 10 మీటర్లకి 1000. సోర్స్ ఇంపిడెన్స్ (పాట పంపే వస్తువు లోపలి అడ్డు) 10 కిలో ఓములైతే 16 కిలోహెర్ట్జ్ దగ్గరే పైస్థాయి పడిపోవడం మొదలవుతుంది. అదే 100 ఓములైతే 16 లక్షల హెర్ట్జ్ దాకా ఢోకా లేదు. అందుకే ఇంపిడెన్స్ తక్కువుండే కీబోర్డ్‌కి కాస్త పొడుగు కేబుల్ వేసినా పర్లేదు, పికప్ మాత్రమే ఉన్న గిటార్‌కి పొడుగు కేబుల్ వేస్తే స్వరం మూసుకుపోయినట్టుంటుంది.

పీ38 పిన్నుతో స్పీకర్ కేబుళ్ళు కూడా అమ్ముతారు, చూడ్డానికి కవలలు. స్పీకర్‌ది షీల్డ్ లేని లావు రెండు తీగలు, దాన్ని కీబోర్డ్‌కి వాడితే హమ్ పట్టేస్తుంది. షీల్డ్ వైరుని యాంప్లిఫయర్ నుంచి స్పీకర్‌కి వాడితే ఆ సన్నతీగ వేడెక్కుతుంది.

స్టీరియో పీ38, కానన్

ఎలక్ట్రికల్‌గా రెండూ ఒకటే, బ్యాలెన్స్‌డ్. కానన్ అని మనవాళ్ళు పిలిచే ఎక్స్‌ఎల్‌ఆర్‌లో 1 ఎర్త్, 2 సూటి, 3 తిరగేసింది. ఎర్త్ పిన్ను ముందు తగిలేలా చేస్తారు, క్లిక్‌మని తాళం పడుతుంది, కాలు తగిలినా ఊడదు. స్టేజికి అదే సరి. ఇంట్లో ఇంటర్‌ఫేస్ నుంచి స్టూడియో మానిటర్లకి (రికార్డింగ్ వినే స్పీకర్లు) మాత్రం స్టీరియో పీ38 చాలు.

మిక్సర్ కానన్ అవుట్ నుంచి ఇంటి యాంప్లిఫయర్ ఆర్‌సీఏకి వెళ్ళాల్సొస్తే 2ని మధ్య పిన్నుకి, 1ని షీల్డ్‌కి. 3ని ఏం చెయ్యాలన్నది మిక్సర్ మీద ఆధారపడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ అవుట్ అయితే 1తో కలపాలి, కొన్ని ఎలక్ట్రానిక్ అవుట్‌పుట్లకి ఖాళీగా వదలాలి, మాన్యువల్ తెరవండి. లెవెల్ కూడా 12 డీబీ దాకా ఎక్కువ రావచ్చు కాబట్టి మిక్సర్ ఫేడర్ దించుకోండి, లేకపోతే పాట బొంగురుపోతుంది. ఇంకోటి, ఫోన్‌ని అడాప్టర్‌తో మైక్ ఇన్‌పుట్‌కి తగిలించి ఫాంటమ్ (మైక్‌కి కేబుల్ గుండానే పంపే కరెంట్) ఆన్ చేశారో, 48 వోల్టులు ఫోన్ వైపు ఎదురొస్తాయి. ఆ స్విచ్ ముందు చూసుకోండి.

హమ్ వస్తే కొత్త కేబుల్ కొనేముందు

లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. హమ్ పోతే అది ఎర్త్ లూప్ (రెండు ఎర్తుల మధ్య షీల్డ్ గుండా పారే ఆ కరెంట్), లేదా చార్జర్ గోల. అన్ని వస్తువులనీ ఒకే స్పైక్ బోర్డు నుంచి పెట్టి చూడండి, నా అనుభవంలో సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. ఇంకా ఉంటే యాంప్లిఫయర్ వెనక నుంచి కేబుళ్ళు ఒక్కొక్కటే పీకుతూ రండి (వాల్యూమ్ దించి!), ఏది పీకితే ఆగిందో అదే దొంగ. పిన్ను లోహం మీద వేలు పెట్టగానే హమ్ తగ్గితే షీల్డ్ ఎక్కడో తెగింది, అప్పుడు మాత్రం తప్పు కేబుల్‌దే. కరెంట్ వైర్లకి జానెడున్నర ఎడం ఇవ్వండి, దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి, పక్కపక్కనే కట్టకట్టి పోనివ్వకండి.

ఒక్కటి మాత్రం చెయ్యొద్దు. "ఎర్త్ పిన్ను విరగ్గొట్టు, హమ్ పోద్ది" అని మైక్ సెట్ వాళ్ళ నోట నేనే విన్నా. పోతుంది, నిజమే. తర్వాత ఆ యాంప్లిఫయర్లో ఏ తీగైనా ఊడి బాడీకి తగిలితే 230 వోల్టులు పట్టుకోవడానికి ఎర్త్ ఉండదు, మైక్‌కి పెదవులు ఆనించి పాడే మనిషి ఉంటాడు. తెంపాల్సింది ఆడియో వైపు ఎర్త్‌ని, కరెంట్ వైపుది కాదు. అందుకే ఉంది ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, పాట అయస్కాంతం గుండా దాటుతుంది, తీగల మధ్య సంబంధమే ఉండదు. చవకవాటిలో కోర్ చిన్నది కాబట్టి గట్టి బేస్ వస్తే కాస్త చితుకుతుంది, హరికథకి పర్లేదు, డప్పులకి తెలిసిపోతుంది. డీఐ బాక్స్ కూడా ఇదే కుటుంబం, కీబోర్డ్ పీ38ని బ్యాలెన్స్‌డ్ కానన్‌గా మార్చి స్టేజి నుంచి దూరంగా ఉన్న మిక్సర్‌కి పంపడానికి. కొనేటప్పుడు గ్రౌండ్ లిఫ్ట్ (ఆడియో వైపు ఎర్త్‌ని తెంపే) స్విచ్ ఉందో లేదో చూడండి.

మీరెవరైతే ఏది

పాత కేసెట్లు ఎక్కించుకునేవాళ్ళు: మీటరు ఆర్‌సీఏ నుంచి మోనో పీ38, లాప్‌టాప్ బ్యాటరీ మీద. కేసెట్‌లో సహజంగానే ఉండే హిస్ (సుయ్ మనే చప్పుడు) పాట కంటే 50, 55 డీబీలే కింద ఉంటుంది, దానికి వేలు పోసి కేబుల్ కొనడం చద్దన్నంలో కుంకుమపువ్వు కలిపినట్టు.

భజన మండలి, చిన్న ఫంక్షన్లు: మైకులకీ స్పీకర్లకీ కానన్, రాజీ వద్దు. షామియానా బయట జనరేటర్ పక్కన పదిహేను మీటర్ల ఆర్‌సీఏ వేసి తర్వాత బాధపడితే లాభం లేదు. డబ్బులు తక్కువుంటే వైరు మామూలుది కొని పిన్నులు మంచివి వేయించండి, ఎందుకంటే ఫంక్షన్‌లో పోయేది ఎప్పుడూ పిన్ను దగ్గరే. మోచేతికి తాడులా చుట్టకండి, లోపలి తీగలు మెలిక పడి తెగుతాయి.

ఇంట్లో పాడి రికార్డ్ చేసుకునేవాళ్ళు: మైక్‌కి కానన్, మానిటర్లకి స్టీరియో పీ38. రూటర్, ట్రాన్స్‌ఫార్మర్ల గుంపు మధ్య కూర్చోక తప్పకపోతే నాలుగు తీగల స్టార్ క్వాడ్ వైరు తీస్కోండి, అది అయస్కాంత గోలని ఇంకా బాగా ఆపుతుంది, బదులుగా కెపాసిటెన్స్ పెరుగుతుంది, ఇంటి దూరాల్లో అది లెక్కలోకి రాదు. అమెరికాలో ఉన్నవాళ్ళకి గుయ్ 50 బదులు 60 హెర్ట్జ్‌లో పలుకుతుంది, మిగతా కథ ఇదే.

బంగారు పూత గురించి: స్వరం మారదు. కానీ కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో పిన్నులకి చిలుము పడుతుంది, బంగారానికి పట్టదు. ఏళ్ళ తరబడి పీకకుండా వదిలేసే కనెక్షన్‌కి ఆ కాస్త ఎక్కువ పెట్టొచ్చు.

టంకం పెట్టడం వచ్చినవాళ్ళు రెడీమేడ్ జోలికి వెళ్ళకండి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో వైరు మీటర్ల లెక్కన, పిన్నులు విడిగా దొరుకుతాయి. కావల్సిన పొడవుకే కోయించుకోవచ్చు, మిగిలిన రెండు మీటర్లు చుట్ట చుట్టి టీవీ వెనక పడెయ్యక్కర్లేదు.

మేనమామ కేసెట్ల సంగతి చెప్పలేదు కదా. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టా, బ్యాటరీ మీద పెట్టా, డెక్ ఆపితే చీమ చిటుక్కుమనదు. ప్లే నొక్కితే మళ్ళీ సన్నగా గుయ్. అరగంట వైర్లు తిప్పాక వెలిగింది, కేసెట్ ఆపితే పోతోంది, మొదలెడితే వస్తోంది, అంటే అది మా ఇంటిది కాదు. ఆ రాత్రి గుడి ముందు మైక్ సెట్ హమ్మే హరికథతో పాటు రికార్డయి కూర్చుంది. తీసెయ్యనా అని మామయ్యని అడిగితే, "ఉంచెయ్ రా, ఆ సెట్టు అప్పుడూ అలాగే మోగేది" అన్నాడు.